కామిని కంచెల చాటున పొంచిన ముప్పు

తూర్పు కనుమల అడవుల్లో నాగగొలుగుగా పెరిగే తెల్లపూల పొద, నర్సరీల ద్వారా కామినిగా పట్టణాలకు చేరింది. పరిమళం, దట్టమైన పచ్చదనం, ఎలా కత్తిరించినా ఒదిగే గుణం దానికి ఆదరణ తెచ్చాయి. అడవిలో ఆ మొక్క వల్ల ఎవరికీ హాని లేదు. నిమ్మకు పేరొందిన నెల్లూరు సీమలో, గూడూరు, పొదలకూరు, రాపూరు తోటల చెంత దానిని కంచెలుగా పెంచడమే ఆందోళనకరం.

కామిని నిమ్మ కుటుంబానికి చెందినదే. తోటలను పీడించే సిట్రస్ సిల్లా పురుగుకు అది ప్రీతికరమైన ఆవాసం. మూడు నాలుగు మిల్లీమీటర్ల ఈ పురుగు తల వంచి, వెనుకభాగం పైకెత్తి ఆకుపై వాలుతుంది. విచ్చుకోని లేత చిగుళ్లలో గుడ్లు పెడుతుంది. తోటలో చిగుళ్లు ముదిరితే దాని సంతతి తగ్గాలి. కత్తిరించినప్పుడల్లా కొత్త చిగురు వేసే కామిని కంచె ఆ విరామాన్ని లేకుండా చేస్తుంది. రైతు మందు కొట్టి తోటను కాపాడుకున్నా, కంచెలో మిగిలిన పురుగు మళ్లీ తోటకే చేరుతుంది.

నిమ్మజాతి చెట్లకు సోకే గ్రీనింగ్ తెగులును వ్యాపింపజేసేది ఈ పురుగే. ఆకులు మచ్చలుగా పసుపెక్కుతాయి, కాయలు వంకర తిరిగి చేదెక్కుతాయి, కొమ్మలు ఎండుతాయి. తెగులు సోకిన చెట్టును పూర్తిగా బాగుచేసే మందు నేటికీ లేదు. బత్తాయి కంటే నిమ్మ కొంత తట్టుకోగలదన్నది నిజమే. అంతమాత్రాన నిశ్చింత తగదు.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ పురుగు తొలిసారి 1998లో, ఒక పెరటి కామిని పొదపైనే కనిపించింది. 2005లో తెగులు బయటపడింది. 2003-04లో 24 కోట్ల పెట్టెలు దాటిన అక్కడి నారింజ దిగుబడి, 2022-23 నాటికి 2 కోట్ల లోపునకు పడిపోయింది. తుపానుల పాత్ర ఉన్నా, ప్రధాన కారణం ఈ తెగులే. బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రం కామిని పెంపకాన్ని, అమ్మకాన్ని చట్టం ద్వారా నిషేధించింది.

ఇక్కడ ఆ దుస్థితి రాకముందే యంత్రాంగం మేల్కొనాలి. నిమ్మ సాగు మండలాల్లో కామిని కంచెల పెంపకాన్ని ఉద్యాన శాఖ కట్టడి చేయాలి. ఈ పురుగు ఆశ్రయించే కామిని, కరివేపాకు, నిమ్మ మొక్కలు నర్సరీల నుంచి తరలేముందు వాటిని తనిఖీ చేసి, పురుగు లేదని ధ్రువీకరించాకే అనుమతించాలి. ఉద్యానవనాలకు, రహదారి పచ్చదనానికి స్థానిక సంస్థలు ప్రత్యామ్నాయ మొక్కలను ఎంచుకోవాలి. ఇప్పటికే ఉన్న కంచెలపై నిఘా ఉంచి, పురుగు కనిపించినచోట తొలగించాలి. అలంకరణకు మరో మొక్క దొరుకుతుంది. ఏళ్ల తరబడి పెంచిన నిమ్మచెట్టు కూలితే రైతుకు ప్రత్యామ్నాయం లేదు. ఈ తేడాను గుర్తించి నిబంధనలు రూపొందించడం ప్రభుత్వ యంత్రాంగం తక్షణ కర్తవ్యం.