బ్యాటు బహుమానము ఎవరికి చెందవలెను?

మన పాఠశాల వార్షికోత్సవము సమీపించినప్పుడెల్ల విద్యార్థులలో ఒక వాదము తలయెత్తుచుండును. వ్యాసరచనకు బహుమానమెవరికి, వక్తృత్వమునకెవరికి అను విషయములందు ఇంత కలవరము పుట్టదు. క్రికెట్టు ఆటలో ఉత్తమముగ బ్యాటు పట్టినవాడెవడు, ఆ వెండి గిన్నె యెవనికి చెందవలెను అన్నప్పుడు మాత్రము వసతిగృహమున దీపములార్పిన తరువాతను మాటలు వినవచ్చుచుండును. ఒకరు మొత్తము పరుగులు లెక్కింతురు. ఒకరు సగటు చూపుదురు. వేరొకరు "ఆనాడు పందెము గెలిపించినదెవరు?" అని యడుగుదురు. తల్లిదండ్రులు సైతము ఈ వాదమున చేరుట కలదు. దీనిని పిల్లల పంతమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. ఏ గుణమునకు బహుమానమిత్తుమో ఆ గుణమునే పిల్లలు అలవరచుకొందురు గనుక, ఈ విషయమున నాకు తోచిన నాలుగు మాటలు చదువరులకు విన్నవించుచున్నాను.

నా యభిప్రాయమును మొదటనే చెప్పివేసెదను. పరుగుల సగటును మాత్రమే చూచి ఈ బహుమానము నిచ్చుట తగదు. ఆటను కన్నులార చూచినవారు, జట్టునకు అక్కఱ కలిగినప్పుడు నిలిచి ఆడినవాడెవడో విచారించి ఈయవలెను. లెక్క వలదని నేననుట లేదు. లెక్క సాక్షిగ నుండదగినదే గాని, న్యాయాధిపతిగ నుండదగినది కాదు.

సగటు అనగా ఒకడు చేసిన పరుగులన్నిటిని అతడు ఔటయిన పర్యాయములచే భాగించుట. చూచుటకు ఇంతకంటె నిష్పాక్షికమైనది లేదు. కాని 1953లో ఇంగ్లండునకు పోయిన ఆస్ట్రేలియా జట్టులో బిల్ జాన్‌స్టన్ అను బౌలరు ఉండెను. అతడు అందరి తరువాత బ్యాటు పట్టుకొని వచ్చువాడు. ఆ యాత్రలో 17 ఇన్నింగ్సులు ఆడి, 102 పరుగులు చేసి, ఒక్కసారి మాత్రమే ఔటయ్యెను. కనుక సగటు 102! టెస్టు పందెములలో డాన్ బ్రాడ్‌మన్ మహాశయుని సగటు 99.94 మాత్రమే. అంకెనే నమ్ముకొన్న బహుమాన సంఘము ఆ వేసవిలో గిన్నెను జాన్‌స్టన్ చేతిలో పెట్టవలసివచ్చెడిది.

మన పట్టిసీమ బాలురకు ఈ సంగతి నేను చెప్పనక్కఱలేదు. వేసవిలో గోదావరి నీరు తగ్గి, వీరభద్రస్వామి కొండకును గట్టునకును నడుమ ఇసుకతిన్నెలు తేలినప్పుడు, కొబ్బరిమట్టను బ్యాటుగ చెక్కుకొని ఆడనివాడు మనలో నెవడు? ఇసుకలో పడిన బంతి లేవదు. నేలబారుగ కొట్టినచో పది అడుగులకే కూరుకొని నిలిచిపోవును. మడమలు దిగబడుచుండగ పరుగెత్తవలెను. పాఠశాల మైదానమున మూడు పరుగులు వచ్చు దెబ్బకు తిన్నెమీద ఒక్కటి వచ్చుట గగనము. అచ్చట చేసిన 15 పరుగులను, ఇచ్చట చేసిన 40 పరుగులను ఒక్క పుటలో వ్రాసి కూడినచో, పుస్తకమునకు ఆ భేదము తెలియదు. ఒడ్డున కూర్చుండి చూచినవానికి తెలియును.

బహుమానమును అంకెకు కట్టివేసినచో ఏమగునో తెలిసికొనుటకు అమెరికాలో జరిగిన యొక కథ కలదు. 19వ శతాబ్దమున మన రాజమహేంద్రవర ప్రాంతమునకు కొందరు లూథరను మిషనరీలు వచ్చినది ఆ దేశమునుండియే. అచ్చట క్రికెట్టునకు బదులు బేస్‌బాల్ అను ఆట ప్రసిద్ధము. అందును ఒకడు బంతి విసరును, వేరొకడు గుండ్రని కఱ్ఱతో కొట్టును. మైదానమున నాలుగు మజిలీలుండును. బాగుగ కొట్టి, ఔటు కాక మొదటి మజిలీనైనను చేరినచో దానిని హిట్టు అందురు. ఎన్ని ప్రయత్నములకు ఎన్ని హిట్లు అనునదే అచ్చటి సగటు. పది ప్రయత్నములలో నాలుగు హిట్లు కొట్టగలవాడు వారికి మహావీరుడు.

1910లో చాల్మర్సు అను మోటారుకార్ల వ్యాపారి, ఆ యేట అత్యధికమైన సగటు సాధించినవానికి ఒక కారు బహూకరింతునని ప్రకటించెను. పోటీ చివరకు ఇరువురి నడుమ నిలిచెను. ఒకడు టై కాబ్, వేరొకడు నెపోలియన్ లాజ్వే. కాబ్ ముందంజలో నుండి చివరి రెండు పందెములు ఆడక కూర్చుండెను. కంటి బాధ యనిరి. సగటును కాపాడుకొనుటకేనని అనేకులు తలంచిరి. కాబ్ అనిన గిట్టనివారు చాలమంది యుండిరి. అక్టోబరు 9వ తేదీన సెయింట్ లూయిస్ నగరమున లాజ్వే ఒకే దినమున రెండు పందెములాడినప్పుడు, ఎదుటి జట్టు నిర్వాహకుడు మూడవ మజిలీకడ కాపున్న తన యాటగానిని బహుదూరము వెనుకకు పోయి నిలువుమనెను. లాజ్వే బంతిని మెల్లగ తాకించి అటువైపు దొర్లించుచు, అది వారి చేతికి చిక్కులోపల పరుగెత్తి మజిలీ చేరుచు వచ్చెను. ఆ దినము అతడు సంపాదించిన 8 హిట్లలో పెక్కు ఇట్టివే. పిదప గగ్గోలు పుట్టెను. ఆ నిర్వాహకునకు ఉద్యోగము పోయెను. లీగు అధ్యక్షుడు విచారించి, కాబ్ సగటు .3849, లాజ్వే సగటు .3841 అని తీర్పు చెప్పెను. చాల్మర్సు ఇద్దరికిని చెరియొక కారు నిచ్చి బయటపడెను. ఇంతటితో ముగియలేదు. కాబ్ ఆడిన ఒక పందెము పుస్తకమున రెండుమార్లు లెక్కకు వచ్చినదని 1981లో బయటపడెను. అంకె నిష్పాక్షికమే, దానిని వ్రాసినవాడు పొరపడెను.

చాల్మర్సు బుద్ధి తెచ్చుకొని, 1911నుండి సగటును విడిచి, జట్టునకు మిక్కిలి ఉపయోగపడినవానిని పత్రికారచయితలే ఎన్నుకొను పద్ధతి నేర్పరచెను. ఆ తొలియేట అమెరికన్ లీగులో వారెన్నుకొన్నవాడు కాబే! గిట్టనివాడైనను అతని యాట గొప్పదని కన్నులున్నవారు కాదనలేకపోయిరి.

దీనికి ప్రక్కన 1941నాటి సంగతి చెప్పవలెను. ఆ యేట టెడ్ విలియమ్సు సగటు చివరి దినమునకు ముందు .3996 దగ్గర నుండెను. దానిని .400గ లెక్కించుట వాడుక. ఆడక కూర్చుండినను గౌరవము దక్కెడిది, అందుకు అనుమతియు దొరకెడిది. అతడు ఒప్పుకొనక ఆ దినము రెండు పందెములును ఆడి, 8 ప్రయత్నములలో 6 హిట్లు కొట్టి, .406తో ముగించెను. నాటినుండి నేటివరకు అమెరికన్ లీగులో .400 దాటినవాడు లేడు. అయినను ఆ యేటి అత్యంత విలువగల ఆటగాడను బిరుదము, వరుసగ 56 పందెములలో హిట్లు కొట్టిన జో డిమాజియోకు ఇచ్చిరి. అతని జట్టు ఆ యేట లీగున ప్రథమస్థానము గెలుచుకొనెను గనుక ఆ బిరుదమునకు అతడు తగడనలేము. కాని అది ఉత్తమముగ కొట్టినవానికిచ్చు గిన్నె యైనచో, నేను విలియమ్సునకే యిత్తును. నన్ను ఒప్పించునది .406 అను అంకె కాదు. ఆ చివరి దినమున అతడు బ్యాటు పట్టుకొని బయటికి వచ్చుటయే.

మనవారి సంగతి చూతము. సి. కె. నాయుడుగారు 1895లో నాగపురమున తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆయన ఆడిన టెస్టులు 7, పరుగులు 350, సగటు 25. ఈ మూడు అంకెలు మాత్రమే చూచిన బాలుడు "ఇంతేనా?" యనును. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుమీద ఆయన రెండు గంటలలోపున 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లు 11. మన దేశీయులు దొరలతో సరిసమానముగ ఆడగలరను నమ్మకము ఆ మధ్యాహ్నము ఎందరికో కలిగెను. 1932లో లార్డ్సున భారతదేశపు మొదటి టెస్టునకు ఆయనయే నాయకులైరి. 1933లో విజ్డెన్ గ్రంథమువారు ఆ యేటి అయిదుగురు ఆటగాండ్రలో ఆయనను చేర్చిరి. సగటు 25 అను అంకెలో ఈ చరిత్ర యెచ్చట నున్నది?

మన గోదావరి ప్రాంతమువాడే, కాకినాడలో జన్మించిన హనుమ విహారి సంగతి ఇంకను సమీపమైనది. 2021 జనవరిలో సిడ్నీ టెస్టున భారతజట్టునకు 407 పరుగుల లక్ష్యముండెను. చివరి దినమున విహారికి తొడ వెనుక కండరము పట్టివేసి పరుగెత్తుటకు వీలు కాకపోయెను. అవతల అశ్విన్‌కు నడుము నొప్పి. ఇరువురును 40 ఓవర్లకు పైగ నిలిచి, ఆట ముగియువరకు ఔటు కాక, పందెమును సమముగ ముగించిరి. విహారి ఎదుర్కొన్న బంతులు 161, చేసిన పరుగులు 23. తరువాతి బ్రిస్బేన్ టెస్టును మనవారు గెలిచి, ఆ పోటీని 2-1తో చేజిక్కించుకొనిరి. గాయము చేత విహారి అందు ఆడలేకపోయెను. సిడ్నీలో ఉత్తమ ఆటగాని బహుమానము 131, 81 పరుగులు చేసిన స్టీవ్ స్మిత్‌కు పోయెను. ఆ తీర్పును నేను తప్పు పట్టను. కాని కాకినాడ వీధులలో జనులు చెప్పుకొనదగినది ఆ 23 పరుగుల సంగతియే. 2023లో ఇండోరున మధ్యప్రదేశ్‌తో జరిగిన రంజీ పందెమున ఆంధ్రజట్టు నాయకుడైన అతనికి బంతి తగిలి చేయి విరిగెను. కుడిచేతి వాటముగ ఆడువాడు ఎడమచేతి వాటమునకు తిరిగి నిలిచి, రెండు ఇన్నింగ్సులందును మరల ఆడవచ్చి, 27, 15 పరుగులతో ముగించెను. ఆంధ్రజట్టు ఓడిపోయెను. పుస్తకమున ఆ యంకెల ప్రక్క విరిగిన చేతినిగూర్చి వ్రాయుటకు గడి లేదు.

ఇంతగ నేను చెప్పుటకు స్వంత కారణము ఒకటి కలదు. నేను బాల్యమున చదివిన వేరొక పాఠశాలలో పరుగుల పుస్తకము వ్రాయు పని నాది. ఒక యేట చివరి పందెమునకు ముందు ఇద్దరు బాలురు పోటీలో నుండిరి. మొదటివాడు పడవవాని కొడుకు, 5 సార్లు ఔటయి 150 పరుగులు చేసెను, సగటు 30. రెండవవాడు 5 సార్లు ఔటయి 145 పరుగులు చేసెను, సగటు 29. చివరి పందెమునాడు ముందు రాత్రి వాన కురిసి నేల బురదయై యుండెను. రెండవవాడు కడుపునొప్పి యని వసతిగృహమున పండుకొనెను. మొదటివాడు వచ్చి, గంటసేపు నిలిచి, 17 పరుగులు చేసి ఔటయ్యెను. ఆ 17 పరుగులచేతనే మేము రెండు వికెట్లతో బయటపడితిమి. నేను భాగించి చూచితిని. 167ను 6చే భాగింప 27.83. రెండుమార్లు చేసితిని, తప్పు లేదు. గిన్నె కడుపునొప్పివానికి పోయెను.

ఆ రాత్రి పడవవాని కొడుకు నా ప్రక్కన చాప పఱచుకొని, "నాకుకూడ ఆ రోజు కడుపునొప్పి వచ్చియుండవలసినదిరా" అనెను. నేను నిద్రపోవుచున్నట్లు నటించితిని.

చూపరుల తీర్పునకు వదలినచో పక్షపాతము చొచ్చునని కొందరు తల్లిదండ్రులు భయపడుదురు. ఉపాధ్యాయుని కుమారునకో, ధనికుని కుమారునకో మొగ్గుదురని వారి యనుమానము. ఈ భయము నిరాధారమని నేననను, ఇట్టివి జరుగుచుండును. అంకెను ఆశ్రయించుటకు మూలము ఈ భయమే. అయినను దీనికి మందు అంకె కాదు, వెలుతురు. తీర్పరులు ముగ్గురుండి, అందొకరు మన పాఠశాలకు సంబంధింపనివారై యుండవలెను. ఏ కారణముచేత ఎవరికి ఇచ్చిరో రెండు వాక్యములలో వ్రాసి, ఉత్సవదినమున అందరి యెదుట చదువవలెను. కారణము లేక పందెమునకు రానివానికి ఆ యేట గిన్నె లేదని, ఆటలు ప్రారంభము కాకమునుపే చాటవలెను. బాలికల జట్టునకును ఇదే నియమము. పక్షపాతము గలవాడు ఎవరికేని ఓటు వేయగలడు గాని, తన కారణమును ఆ బాలుని తండ్రి యెదుట బిగ్గరగ చదువుట అంత సులభము కాదు.

ఈ సంవత్సరపు గిన్నె ఎవరికని నన్ను పలువురు అడుగుచున్నారు. నా మనసులో ఒకరున్నారు గాని, తీర్పరులు కూర్చుండకమునుపు పేరు చెప్పుట మర్యాద కాదు. పరుగుల పుస్తకము ఆటల గదిలో బల్లమీద నున్నది. తల్లిదండ్రులును విద్యార్థులును సాయంకాలము 5 గంటల తరువాత వచ్చి చూడవచ్చును. ప్రతి పుట అంచున, ఆ దినము నేల తడిదో పొడిదో, ఎవరు ఎట్టి స్థితిలో ఆడవచ్చిరో పెన్సిలుతో వ్రాయించితిని. ఆ వ్రాతనుకూడ చదువ మనవి.