వారానికో పీరియడ్ అడుగుతున్నాను

సంక్రాంతి సెలవులయ్యాక మా హైస్కూళ్లలో మోటివేషన్ క్లాసుల సీజను మొదలవుతుంది. పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతుంటాయి. ఎవరో దాత షామియానా, మైకు సెట్టు ఏర్పాటు చేస్తారు. పట్నం నుంచి వచ్చిన వక్త అబ్దుల్ కలాం గారి చిన్ననాటి కష్టాలతో మొదలుపెట్టి, చివర్లో పిల్లల చేత ‘నేను సాధించగలను’ అని మూడుసార్లు అరిపిస్తారు. పరీక్ష అట్టలు, పెన్నులు పంచుతారు. ఆ పూట పిల్లలకు సరదాగానే గడుస్తుంది, కాదనను. మర్నాడు లెక్కల పీరియడ్లో బోర్డు దగ్గరికి రమ్మంటే, అందరికంటే గట్టిగా అరిచిన కుర్రాడే ‘నాకు రాదు మేడమ్’ అంటూ బెంచీ వదలడు.

విజయనగరం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెబుతున్నదాన్ని. ‘నాకు రాదు’ అన్న మాట మిగతా టీచర్ల కంటే నాకే ఎక్కువ వినబడుతుంది. పద్యం అప్పజెప్పలేకపోతే నవ్వి ఊరుకుంటారు. లెక్క రాకపోతే మాత్రం బుర్రే లేదని తేల్చేస్తారు, ఇంట్లోవాళ్లే కాదు, ఆ పిల్లలు కూడా. ఇన్నేళ్లుగా చూస్తున్నాక నాకు తోచిందేమిటంటే, ఆత్మవిశ్వాసం ఉపన్యాసం వింటే రాదు. తెలిసిన ముఖాల మధ్య, చిన్న గుంపులో, వారం వారం ఏదో ఒకటి చేసి చూసుకుంటే వస్తుంది. దానికి టైంటేబుల్లో చోటుండాలి.

మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే దీన్ని సిద్ధాంతంగా రాశాడు. ‘ఈ పని నేను చేయగలను’ అన్న నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందన్నాడు: స్వయంగా ఒక పని చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు నెగ్గుతుంటే చూడటం, పక్కవాళ్లు నచ్చజెప్పడం, ఆ సమయంలో తన గుండెదడ, చెమటలు ఎలా ఉన్నాయో గమనించుకోవడం. వీటిలో మొదటిదే బలమైనదని కూడా చెప్పాడు. మన షామియానా ఖర్చంతా మూడోదాని మీదే.

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలతో శనివారం చివరి పీరియడ్లో నేనో పద్ధతి నడుపుతున్నాను. గుంపుకు పది పన్నెండు మందే. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే ఉంటారు, మార్కుల్ని బట్టి విడగొట్టను. బెంచీలు పక్కకు నెట్టి నేల మీద గుండ్రంగా కూర్చుంటాం. మొదటి వారాల్లో చదువు ఊసే ఎత్తను. ‘నీకు బాగా వచ్చిన పని ఏదైనా సరే, ఎలా చేస్తారో మాకు చెప్పు’ అంటాను, అంతే. చెప్పాక కనీసం ముగ్గురు ప్రశ్నలు అడగాలి. ఎవరూ నవ్వకూడదు. నేను దిద్దకూడదు. ఈ చివరి నియమం పాటించడం నాకే కష్టం.

మొదట అందరిదీ ఒకటే జవాబు: ‘నాకేటీ రాదు మేడమ్.’ కాసేపు ఊరుకుంటే ఒక్కొక్కరూ నోరు విప్పుతారు. సైకిల్ ట్యూబును నీళ్ల బేసిన్లో ముంచి పంక్చరు ఎక్కడుందో పట్టుకోవడం ఒకడు చెప్పాడు. తరగతిలో గొంతే వినబడని ఒకమ్మాయి, నారు పీకేటప్పుడు వేళ్లు తెగకుండా ఎలా లాగాలో, కట్టకు ముడి ఎలా వేయాలో చేతులాడిస్తూ చూపించింది. క్లాసులో ఫస్టు వచ్చే కుర్రాడు ఆమెను ప్రశ్న మీద ప్రశ్న అడిగాడు. వాడికి పొలం పని తెలియదు మరి. ఆ అమ్మాయి తడుముకోకుండా జవాబులు చెబుతుంటే మిగతావాళ్లు ఆమె వంక కొత్తగా చూశారు. నేనూ అలాగే చూశాననుకోండి.

ఆ తర్వాతే లెక్కల వంతు. అప్పుడు కూడా జవాబు అడగను. ‘ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయావు?’ అని అడుగుతాను. ఆగిన మెట్టు బోర్డు మీద రాసి, పక్కన పేరు రాయాలి. కారణాంక విభజనలో మధ్యపదాన్ని విడగొట్టే చోట గుంపులో చాలామంది ఆగుతారు. ఆ పేర్లన్నీ ఒకే గీత కింద చేరేసరికి ‘ఓహో, నువ్వూ ఇక్కడేనా’ అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇదే సంగతి విడివిడిగా నా దగ్గరికొచ్చి చెప్పుకుంటే ఆ ఊరట దొరకదు. నేను ఎన్నిసార్లు భయపడొద్దన్నా రాని ధైర్యం, పక్కవాడు కూడా అక్కడే ఇరుక్కున్నాడని తెలిస్తే వస్తుంది. ఆ మెట్టు దాటినవాడు ఎలా దాటాడో తన మాటల్లో చెబుతాడు. నేను చెప్పిన దానికంటే అది తొందరగా బుర్రకెక్కుతుంది (వినడానికి నాకు కాస్త చివుక్కుమంటుంది గానీ, నిజం).

అందరూ ఇలా మారిపోతారని చెప్పను. ఏడాది పొడవునా కూర్చుని వినడమే తప్ప మాట్లాడని పిల్లలూ ఉంటారు. వాళ్లను బలవంతపెట్టను. తన వంతు వచ్చినప్పుడు ‘ఇవాళ వద్దు మేడమ్’ అనే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది.

గుంపులో చెప్పించకూడనివి కూడా ఉన్నాయి. ఇంట్లో తాగుడు, కొట్లాటలు, చదువుకుంటున్న పిల్లకు కుదుర్చుతున్న పెళ్లి సంబంధం. పదిమందిలో ఇవి బయటపడితే తెల్లారేసరికి ఊరంతా తెలుస్తుంది. అలాంటి మాట మొదలైతే అక్కడే ఆపి, తర్వాత పక్కకు పిలిచి వింటాను. చైల్డ్‌లైన్ 1098, టెలి మానస్ 14416 నంబర్లు గోడ మీద రాయించాం. అయితే బీఈడీలో ఎడ్యుకేషనల్ సైకాలజీ పేపరు రాసినంత మాత్రాన నేను కౌన్సెలర్‌ను అయిపోను. వారాలుగా నిద్రపట్టడం లేదనే పిల్లతో, బతకాలని లేదని నోటుపుస్తకంలో రాసుకున్న కుర్రాడితో మాట్లాడటానికి శిక్షణ పొందిన మనిషి కావాలి.

ఈ మాట ఇప్పుడు నేను ఒక్కదాన్నే అంటున్నది కాదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023 జులైలో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పిచ్చింది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, దేశమంతటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు పెట్టింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడగొట్టడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకు మానాలంది. దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న ఎన్‌సీఆర్‌బీ లెక్క ఆ తీర్పులోనే ఉంది.

ఇక మన కాగితాలు చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు 100 మంది దాటితే కళలు, ఆరోగ్య వ్యాయామ విద్య, పని విద్యలకు పార్ట్‌టైం బోధకులు ఉండాలని రాశారు. కౌన్సెలర్ మాటే లేదు. ఆలోచన కొత్తదేమీ కాదు. విద్యా, వృత్తి మార్గదర్శకత్వం కోసం కేంద్రం 1954లోనే ఒక బ్యూరో పెట్టింది. కొఠారీ కమిషన్ కూడా బడిలో మార్గదర్శక సేవలుండాలంది. 2020లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం బడికి ఇద్దరు టీచర్లు శిక్షణ పొంది, వారానికో గంట పిల్లలతో 11 అంశాల మీద మాట్లాడాలి. వాటిలో మానసిక ఆరోగ్యం ఒకటి. అంటే నేనడిగే పీరియడ్ ఆరేళ్ల కిందటే ఇచ్చేశారన్నమాట. నేను చూసినంతలో, ఫిబ్రవరి వచ్చేసరికి అది స్లిప్ టెస్టుల పాలవుతుంది.

‘సిలబస్ ఎవరు పూర్తి చేస్తారమ్మా?’ అని అడిగే హెడ్మాస్టర్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అటెండెన్సు యాపు, భోజనాల లెక్క, మరుగుదొడ్ల ఫొటోలు అయ్యాక మిగిలిన టైములోనే కదా పాఠం చెప్పాలి. అయితే తొమ్మిదిలో నోరు తెరవని పిల్ల పదిలో డౌటు అడగదు. డౌటు అడగని పిల్లను పొద్దున్నా సాయంత్రమూ స్పెషల్ క్లాసుల్లో కూర్చోబెట్టి అదే చాప్టరు మళ్లీ మళ్లీ చెబుతాం. ఆమె ఎక్కడ ఆగిందో మనకు తెలియదు. శనివారం పీరియడ్ వల్ల మార్కులు ఇంత పెరిగాయని నేను లెక్క చూపించలేను. క్లాసులో లేచే చేతులు మాత్రం పెరిగాయి, అది రోజూ కనిపిస్తూనే ఉంది.

ప్రతి బడికీ కౌన్సెలర్ అంటే రేపే జరిగేది కాదని తెలుసు. ముందు మండలానికి ఒకరిని వేయండి. ఏ బడికి ఏ వారం వస్తారో ఖాయం చేయండి. మూడు నెలల అవుట్‌సోర్సింగ్ పద్ధతి మాత్రం వద్దు. పిల్లలు మనిషిని నమ్మడానికే అంతకాలం పడుతుంది. వచ్చిన కౌన్సెలర్‌కు తలుపున్న గది ఇవ్వండి. స్టాఫ్‌రూములో ఆరుగురు టీచర్లు కాపీలు దిద్దుకుంటుండగా ఏ పిల్లా ఇంటి గోడు చెప్పుకోదు. నోటీసు బోర్డు మీద మార్కుల వారీ గ్రూపు లిస్టులు అతికించడం ఆపమని ఎంఈవోలు ఒక్క మాట చెబితే చాలు, దానికి పైసా ఖర్చు లేదు.

పోస్టులకు జీవో కావాలి, బడ్జెట్ కావాలి, ఆగుదాం. వారానికో పీరియడ్‌కు అవేమీ అక్కర్లేదు. జూన్‌లో టైంటేబుల్ వేసేది హెడ్మాస్టరే.