పెరటి కబుర్లు: రాధామనోహరం

దీపాలు పెట్టే వేళకు తెల్లగా విచ్చుకొని, మరునాటికి గులాబీ రంగు తిరిగి, మూడోనాటికి ఎర్రబడే పువ్వు రాధామనోహరం. ఒకే గుత్తిలో మూడు రంగులూ చూసి, మూడు తీగలు పెనవేసుకున్నాయేమో అనుకునేవారున్నారు.

ఈ రంగులు వట్టి సింగారానికి కాదు సుమండీ. తెల్లగా ఘుమఘుమలాడే మొదటి రాత్రి పొడుగు తొండపు చిమటలు వచ్చి తేనె తాగుతాయి. పువ్వు గొట్టమే రెండు మూడంగుళాలాయె! రంగు తిరిగాక పగటి చుట్టాలు: తేనెటీగలు, సీతాకోకచిలుకలు.

వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం దీన్ని 'క్విస్‌క్వాలిస్' అన్నారు. లాటినులో 'ఎవరు? ఎలాంటిది?' అని అర్థం. పసితనంలో పొదలా నిలబడి, తరువాత తీగ సాగేదాన్ని చూస్తే ఎవరైనా అడగరా మరి! ఇంగ్లీషువారు రంగూన్ తీగ అన్నారు. స్టీమరెక్కి రంగం వెళ్ళినవారూ, 1942లో యుద్ధానికి జడిసి తిరిగివచ్చినవారూ మన విశాఖపట్నం వైపు ఎందరో. అయినా మన పేరు ముందు ఆ రెండూ దిగదుడుపే.

చోడవరం దగ్గర బుచ్చయ్యపేటలో మా దొడ్డమ్మ పెంకుటింటి ముందు ఈ తీగ వున్నది. ముప్పయ్యేళ్ళనాడు పెదనాన్నగారు పాతినది. ఇల్లు పడగొట్టి డాబా వేయాలని అన్నయ్య సంకల్పం. "రెండేళ్ళ నుంచి పువ్వే లేదు, ఊడ్చుకోడానికి ఆకు తప్ప" అని అతని వాదన.

"ఇల్లు కట్టుకోనీ బాబూ, నేనొద్దన్ను. ఆయన పెట్టిన తీగని నా కళ్ళముందే నరికేస్తే నానేటైపోతానో!" అన్నది దొడ్డమ్మ నాతో.

పువ్వు లేకపోవడానికి కారణం ఆ ఇంట్లోనే వున్నది. చెరుకుతోటకు తెచ్చిన యూరియాలో మిగిలిందల్లా దీని మొదట్లో పడుతున్నది. అలా మేపితే ఆకులే వేస్తుంది. పైగా కత్తెర చూసి యేళ్ళయింది. ఇది కొత్త రెమ్మలమీద పూస్తుంది గనుక, మాఘ ఫాల్గుణాల్లో పాత కొమ్మలు కొట్టేయాలి. యేడాదికొక తట్టెడు మాగిన పశువుల యెరువు, రోజూ అయిదారు గంటల యెండ చాలు. కొట్టేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోండి. ఆకు రాలినా తొడిమ మొదలు ముల్లులా బిగిసి నిలుస్తుంది. ఆ ముళ్ళ ఆసరాతోనే తీగ పైకి పాకుతుంది.

ముప్పయ్యేళ్ళ మొదలును పెళ్ళగించి మరోచోట పాతడం నాకు నమ్మకం లేదు. నేలంటు తొక్కడం మేలు. వానలు పడ్డాక పెన్సిలు లావు కొమ్మను వంచి, కణుపు కింద ఏటవాలుగా మూడోవంతు లోతు గాటు పెట్టండి. అది మూసుకోకుండా చిన్న పుల్ల దోపి, మూడంగుళాల మట్టి కప్పి, పైన రాయి పెట్టండి. కొన బయటే వుండాలి, తడి ఆరకూడదు. ఆరెనిమిది వారాలకు వేళ్ళు దిగుతాయి. అప్పుడైనా తల్లి నుంచి ఒక్కసారిగా తెంచకండి. సగం కోసి, పది రోజులాగి తక్కిన సగం. మొదట్లో పిలకలు లేస్తే వేళ్ళతో సహా తవ్వి తీసుకోవచ్చు.

ఆషాఢంలో దొడ్డమ్మ మూడు కొమ్మలు తొక్కింది. శ్రావణం వెళ్ళేసరికి రెండు పట్టాయి. అందాకా మేస్త్రీని ఆపినది కూడా ఆవిడే. ఒకటి డాబా మెట్ల పక్కన ఇనపగొట్టాల పందిరికి. రెండోది విశాఖపట్నంలో మనుమరాలి ఫ్లాటుకు. తొట్టిలోనూ బతుకుతుందిగాని, తొట్టి అడుగున్నర లోతుకు తగ్గకూడదు, అడుగున నీరు పోయే చిల్లు వుండాలి, యేటా కత్తెర మరింత గట్టిగా పడాలి. వరండా పక్కగా కరెంటు తీగలుంటే అటు మాత్రం పాకనివ్వకండి.