క్రీతానుశయం: పాతకారు కొన్నవాని పశ్చాత్తాపం

మన ధర్మశాస్త్రాలు న్యాయసభకు వచ్చే వివాదాలను పద్దెనిమిది వ్యవహారపదాలుగా విభజించాయి. అప్పుల తగవుతో మొదలయ్యే ఆ పట్టికలో మనువు క్రయవిక్రయానుశయాన్ని కూడా చేర్చాడు. అనుశయమంటే పశ్చాత్తాపం. సరుకు చేతులు మారిన తర్వాత "అయ్యో, తొందరపడ్డానే!" అని మనస్సు వెనక్కు లాగటం. అమ్మినవానికీ అది కలుగుతుంది, కొన్నవానికీ కలుగుతుంది. కొన్నవానికి కలిగేదాన్ని తరువాతివారు క్రీతానుశయమని వేరుగా చర్చించారు. పదమూడవ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరుని మితాక్షరను అనుసరించి తెలుగులో పద్యకృతిగా విజ్ఞానేశ్వరీయాన్ని రచించాడు గనుక, ఈ చర్చ తెలుగువారికి కొత్తది కాదు.

ఇంత పాతకథ ఎందుకంటే, నేడు సొంతకారును సొంతంగా అమ్ముకున్న గృహస్థులలో పలువురు అమ్మిన పదవనాడో పన్నెండవనాడో వచ్చే ఒక ఫోనుకు బెంబేలెత్తిపోతున్నారు. కొన్నవాడు క్లచ్ పోయిందంటాడు, బ్యాటరీ చచ్చిందంటాడు, సగం ఖర్చు మీరే భరించాలంటాడు. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, ఓడ దిగాక బోడిమల్లయ్య అన్న సామెత అప్పుడు అనుభవానికి వస్తుంది. పరువుకు వెరచి, గొడవ వదిలితే చాలునని అయిదువేలో పదివేలో చేతిలో పెట్టేవారు నా ఎరుకలోనే ఉన్నారు. అలా ఇవ్వటం ఔదార్యం కాదనీ, అది అమ్మినవానికీ కొన్నవానికీ కూడా మేలు చేయదనీ నా అభిప్రాయం. అయితే ఇవ్వను అనే మాట అనే అధికారం అందరికీ ఉండదు. బేరానికి ముందే నిజం చెప్పినవానికే అది ఉంటుంది.

పూర్వులు ఏమన్నారో చూద్దాం. కొన్నా, అమ్మినా, మనస్సు మారితే పదిరోజులలోగా తిరిగి ఇవ్వవచ్చు, తిరిగి పుచ్చుకోవచ్చు. ఆ తర్వాత కూడదు అన్నాడు మనువు. యాజ్ఞవల్క్యుడు మరికొంత సూక్ష్మంగా ఆలోచించి సరుకును బట్టి పరీక్షకు గడువు పెట్టాడు. విత్తనాలకు పదిరోజులు, ఇనుముకు ఒకరోజు, రత్నాలకు ఏడురోజులు, పాడిపశువుకు మూడురోజులు, బరువులాగే పశువుకు అయిదురోజులు. ఈ లెక్కలో ఎంతో లోకజ్ఞత ఉంది. ఇనుము గుణం చూడగానే తేలుతుంది. ఆవు పాలు మూడుపూటలు పిండితేగాని తెలియవు. ఎద్దు గుణం బండికి కట్టి నాలుగుదినాలు తోలితేగాని బయటపడదు. నేటి కారు ఆ "వాహ్యం" వర్గంలోదే అనుకుంటే తప్పులేదు.

నారదుడు దీనికి రెండువైపులా కట్టుబాటు చేశాడు. కొనేవాడు ముందే తాను పరీక్షించుకోవాలి, తెలిసినవారికి చూపించుకోవాలి. పరీక్షించి, సమ్మతించి కొన్నదాన్ని మళ్ళీ అమ్మినవాని గుమ్మంలోకి తేరాదు. ఇది కొనేవానికి కట్టుబాటు. మంచిసరుకు చూపి లోపమున్న సరుకు అంటగట్టినవాడు వెలకు రెట్టింపు ఇచ్చుకోవాలి, అంతే దండుగ కూడా కట్టాలి. ఇది అమ్మేవానికి కట్టుబాటు. మొదటిదాన్ని మాత్రమే పట్టుకొని "చూసుకొని కొన్నావు గదా, పో" అనేవాడు సగం శాస్త్రమే చదివినవాడు.

మన సంతలలో ఎద్దును కొనే రైతు పళ్ళు చూసేవాడు, సుళ్ళు చూసేవాడు, నడిపించి చూసేవాడు, కాడికి కట్టి చూసేవాడు. ఇవన్నీ అయిన తర్వాతనే తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకొని బేరం సాగేది. నీళ్ళలో ఉన్న బర్రెను బేరమాడేవాణ్ణి లోకం నవ్వేది. ఈనాడు కారు కొనేవారిలో చాలామంది నాలుగు ఛాయాచిత్రాలు చూసి, వీధి చివరిదాకా ఒక్కసారి నడిపి, బయానా చేతిలో పెడుతున్నారు. అది నీళ్ళలో బర్రె బేరమే.

ఇక నేటి చట్టం సంగతి. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం పదహారవ సెక్షన్ ప్రకారం, ఆ సరుకుతో వ్యాపారం చేయని మనిషి అమ్మిన వస్తువుకు నాణ్యత గురించి దానంతటదే పుట్టుకొచ్చే హామీ సాధారణంగా ఏదీ లేదు. కొనేవాడే జాగ్రత్తపడాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారులను, సేవలు అమ్మేవారిని ఉద్దేశించినదే గాని, తన ఇంటి కారును ఒక్కసారి అమ్ముకున్న గృహస్థును ఉద్దేశించినది కాదు. 1872 నాటి ఒప్పందాల చట్టం కూడా ఊరక మౌనంగా ఉండటాన్ని మోసమనదు, చెప్పవలసిన బాధ్యత ఉన్నచోట తప్ప. కాని తెలిసిన దోషాన్ని పనిగట్టుకొని కప్పిపుచ్చితే అది మోసమే అంటుంది. కిలోమీటర్ల రీడింగు వెనక్కు తిప్పటం, ప్రమాదంలో నలిగిన బండికి రంగు పూసి "గీతైనా పడలేదండీ" అనటం ఈ కోవలోవి. కొన్నవారు కోపంలో "నాలుగువందల ఇరవై కేసు పెడతా" అంటుంటారు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయసంహిత అమలులోకి వచ్చి వంచన నేరం 318వ సెక్షన్‌కు మారింది. అంకె మారినా నేరం మారలేదు. వంచించినవాడు భయపడవలసిందే, వంచించనివాడికి పాత అంకెతోగాని కొత్త అంకెతోగాని పనిలేదు.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. పూర్వులు కొన్నవానికి పరీక్షాకాలం ఇచ్చారు. నేటి చట్టం ఇటువంటి ఇంటిబేరంలో కొన్నవానికి ఒక్కరోజు కూడా ఇవ్వలేదు. గడువులన్నీ కాగితాలకే పెట్టింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం యాభయ్యవ సెక్షన్ ప్రకారం, రాష్ట్రంలోపలి అమ్మకమైతే అమ్మినవాడు పద్నాలుగు రోజులలోగా రవాణా అధికారికి తెలియజేయాలి, కొన్నవాడు ముప్పై రోజులలోగా తన పేరిట మార్పుకు నివేదించాలి. అమ్మినవాని సమాచారానికి 29వ నంబరు ఫారం, పేరు మార్పు దరఖాస్తుకు 30వ నంబరు ఫారం. మొండి కొనుగోలుదారు చేతిలోని అసలైన ఆయుధం ఈ రెండవ గడువులోనే దాగి ఉంది.

నా అనుభవమే చెబుతాను. నిరుడు, రాత్రివేళ ఎదురుబండ్ల వెలుగును నా కళ్ళు ఓర్చుకోలేకపోతున్నందున నా చిన్నకారును పొరుగు మండలపు యువకుడొకరికి అమ్మాను. పన్నెండవ రోజున ఫోను.

"మాస్టారూ, క్లచ్ పోయిందండీ. మెకానిక్కు పదమూడువేలంటున్నాడు. మీరు పెద్దవారు, పిల్లలకు నీతులు చెప్పినవారు. సగమైనా భరించాలి గదండీ."

"బాబూ, క్లచ్ ప్లేట్లు మార్పించి అరవైవేల కిలోమీటర్లు దాటిందని కాగితం మీద రాసి మీకిచ్చాను. మీ మెకానిక్కు కూడా చూశాడు. ఆ సంగతి లెక్కవేసుకొనే గదా మీరు వెల తగ్గించి అడిగింది, నేను ఒప్పుకున్నది."

కాసేపు మౌనం. తర్వాత గొంతు మారింది. "అలాగైతే ఆర్సీ మీ పేరునే ఉంటుంది లెండి. నాకేం తొందర లేదు."

పదమూడువేలు కాదు, ఈ చివరి వాక్యమే ఈ టపా రాయించింది. నేను మూడవరోజునే 29వ నంబరు ఫారం దాఖలు చేసి ఉన్నాను. ఆ సంగతి అతనికి చెప్పి, ముప్పై రోజుల గడువు చట్టం అతని మీద పెట్టినదేగాని నేను పెట్టినది కాదని, అదే రోజు మర్యాదగా నాలుగు వాక్యాలలో రాసి పంపాను. గడువు తీరకముందే పేరు మారింది. రూపాయి మారలేదు.

ఆ బెదిరింపు ఎంత బరువైనదో తెలియాలంటే 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును చూడాలి. ఒకాయన 2007లో కారు అమ్మాడు. కారు చేతులు మారుతూ పోయింది గాని రిజిస్టరులో పేరు మారలేదు. 2009లో ఆ కారు వెనక్కు వస్తూ ఢీకొని ఒక బాలుడు చనిపోయాడు. పరిహారం ఎవరివ్వాలి? ఎవరి పేరు రిజిస్టరులో ఉందో ఆయనే చట్టం దృష్టిలో యజమాని, ఆయనే ఇవ్వాలి అన్నది న్యాయస్థానం. బాధితుడు పాపం అమ్మకాల గొలుసు వెంబడి ఒక్కొక్క చేతినీ వెదుక్కుంటూ తిరగనక్కరలేదన్నది అందులోని న్యాయం. బాధితుని వైపు నుంచి చూస్తే అది నూటికి నూరుపాళ్ళు సబబు. అమ్మినవాని వైపు నుంచి చూస్తే, కారు పోయినా పేరు పోలేదంటే ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. చలానాలు వస్తే ఆ పేరుకే వస్తాయి, పోలీసులు వచ్చినా ఆ పేరున్న గుమ్మానికే వస్తారు.

అందువల్ల కొన్నవాడు అడిగే డబ్బు గురించి కలవరపడేకంటే, అతడు మార్పించుకోని పేరు గురించి కలవరపడటం వివేకం. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలను దళారి చేతికిచ్చి చేతులు దులుపుకోవటం మన ఊళ్ళలో పరిపాటి. అది తన పేరును తానే తాకట్టు పెట్టుకోవటం. కుదిరితే కొన్నవానితో కలిసి దరఖాస్తు పెట్టించిన తర్వాతనే తాళాలు ఇవ్వాలి. అప్పగించిన తేదీ, గంట, నిమిషం, కిలోమీటర్ల రీడింగు రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి; సాయంత్రం ప్రమాదం జరిగితే ఉదయం ఎవరి చేతిలో ఉన్నదో చెప్పేది ఆ కాగితమే. ఫాస్టాగ్‌ను మూయించాలి. బీమాను మాత్రం పేరు మారకముందే రద్దు చేసుకోరాదు. వచ్చే నాలుగు రూపాయలకు ఆశపడి ఆ పని చేస్తే, బండి మీ పేరున, బీమా లేకుండా, పరాయివాని చేతిలో తిరుగుతుంటుంది.

"ఇంత పట్టింపెందుకు మాస్టారూ, అయిదువేలు పారేస్తే మనశ్శాంతి గదా" అని మీలో కొందరు అనవచ్చు. నా సమాధానం ఇది. దోషం దాచనివాడు ఇచ్చే అయిదువేలు దోషం దాచినట్లు ఒప్పుకోలుగా కనిపిస్తాయి. రేపు ఏసీ చల్లబరచకపోతే, ఎల్లుండి టైరు పగిలితే, మళ్ళీ అదే గుమ్మం. పైగా, గట్టిగా అడిగితే పెద్దమనిషి భయపడి ఇస్తాడనే పాఠాన్ని ఆ యువకునికి మనమే నేర్పినవాళ్ళమవుతాం. ముప్పైయేళ్ళు పాఠాలు చెప్పినవాడు చెప్పదగిన పాఠం కాదది.

అయితే కొన్నవాని కష్టాన్ని నేను చులకన చేయటం లేదు. కూడబెట్టిన రెండులక్షలు పోసి కొన్న బండి రెండువారాలకే మూలపడితే కడుపు మండుతుంది. ఆ మంటకు ఎదుటివాని మోసమే కారణమని తోచటం మనుష్యసహజం. అందుకే కసరకూడదు, ఫోను కట్టేయకూడదు. పూర్తిగా విని, ఒక్కసారి స్పష్టంగా చెప్పి, అదే మాట రాతలో పంపి ఊరుకోవాలి. వాదం పెంచితే బేరం మళ్ళీ మొదలైందని ఆశపడతాడు. ఇక, తెలిసిన దోషాన్ని నిజంగానే దాచి ఉంటే ఈ సలహాలేవీ వర్తించవు. అతడు అడిగేదాకా ఆగకుండా ఖర్చంతా ఇవ్వాలి, లేదా బండి తీసుకొని సొమ్ము తిరిగివ్వాలి. నారదుడు రెట్టింపన్నాడని మరువవద్దు.

చివరగా నాదొక సూచన. యాజ్ఞవల్క్యుడు వాహ్యానికిచ్చిన అయిదురోజులను మనం బేరానికి ముందుకు జరుపుకోవచ్చు. కొనగోరినవానితో "అయిదురోజులు గడువు తీసుకోండి. మీ మెకానిక్కును తెచ్చుకోండి. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఎత్తుమీదా, ఎండలోనూ నడిపి చూడండి. నాకు తెలిసిన లోపాలు ఇవిగో, ఈ కాగితం మీద ఉన్నాయి" అనండి. ఆ మాటకే జారుకునే బేరగాళ్ళు కొందరుంటారు. వెల నాలుగువేలు తగ్గినా తగ్గుతుంది. ఆ నాలుగువేలూ నష్టమని లెక్కవేయకండి. పన్నెండవనాడు ఫోను మోగినప్పుడు తడబడకుండా మాట్లాడగలగటానికి మీరు ముందుగా చెల్లించిన వెల అది.