ముందు మాత్ర కాదు, ప్రశ్న

ధర్మవరంలో పెంపుడు కుక్క వాంతి చేసుకుని గడగడ వణికితే ఎండదెబ్బ అనో, దిష్టి అనో తేల్చేసి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మింగిస్తారు. అది కుక్క కాలేయానికి చేటు. ముందు అడగాల్సింది కుక్క ఏం తిన్నదని. చెనిక్కాయ పండే సీమ మనది. బూజు పట్టిన కాయల్ని ఏరి పెరట్లో పారేస్తే కుక్క వదలదు. ఆ బూజు విషాల్లో కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కొన్ని నరాలను పట్టి ఒళ్లంతా వణికిస్తాయి. చేలో వేసే గుళికల మందు లోపలికి పోతే చొంగ కారుతుంది, కంటిపాపలు చిన్నవవుతాయి. ఆ గుళికలు ఆర్గానోఫాస్ఫేట్ రకం విషమైతే అట్రోపిన్ ఇంజెక్షన్ ఆలస్యం కాకూడదు. జింక్ ఫాస్ఫైడ్ ఉన్న ఎలుకల మందు ఇంకా మోసకారి. పాపం అని పెరుగన్నం పెడితే కడుపులో ఆమ్లం ఊరి ఫాస్ఫీన్ వాయువు మరింత పుడుతుంది, వాంతి నుంచి వచ్చే ఆ వాయువు పీల్చినా మనకూ ప్రమాదమే. టీకాలు పడని కూనలకు పార్వో, డిస్టెంపర్ జబ్బులు ఉండనే ఉన్నాయి. ఉప్పునీళ్లు పోసి కక్కించడం మాత్రం వైద్యం కాదు, రెండో విషం. వేల మగ్గాలాడే ఊళ్లో రాత్రిపూట పిలిస్తే పలికే పశువైద్యుడు ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు, మున్సిపాలిటీ పెద్దలు ఆలోచించాలి. మీరు మాత్రం కుక్కతోపాటు అది తిన్న మందు పొట్లం కూడా వైద్యుడి దగ్గరికి పట్టుకెళ్లండి.