కోర్పనా: కొండపై వాన, కొండపైనే దాహం

చంద్రపూర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దుకు చేరువనున్న తాలూకా కేంద్రం కోర్పనా. ఉత్తరాన పెన్‌గంగ, దక్షిణాన మాణిక్‌గఢ్ కొండలు. వాటికావల కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. 1956కు పూర్వం ఈ రాజురా ప్రాంతం హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలోనిదే.

మే నెలలో ఇచ్చట ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. వర్షమంతా దాదాపుగా జూన్, సెప్టెంబరు మాసాల మధ్యనే. మైదానంలోని నల్లరేగడి ఆ తేమను నిలుపుకొని పత్తిని, సోయాబీనును పండిస్తుంది. కొండపై పరిస్థితి వేరు. గట్టి నల్లరాతిలో నీరు అంతగా ఇంకదు. వాన వాగులై దిగువకు తరలిపోతుంది. గడ్‌చాందూర్ చెంతనున్న అమల్‌నాలా జలాశయం అందులో కొంత నిలుపుతున్నది. కాని పైనున్న జివతి తాలూకా గోండు, కొలాం గూడేలకు ఆ నీరు ఎక్కిరాదు. వాన కురిసిన చోటనే వేసవిలో బిందెడు నీటికి వెతుకులాట.

సున్నపురాయి గల మైదానానికి సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. పెన్‌గంగపై చనాఖా-కొరాటా ఆనకట్టకై 2016లో ఇరు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి. నదిపై కుదిరిన ఆ సయోధ్య కొండవాగులకూ విస్తరించాలి. వాననీటిని పైనే ఆపే చిన్న చెక్‌డ్యాములు, ఊటచెరువులే గూడేలకు దిక్కు.