గొలుసు ఎవరిది?

కేప్‌టౌన్‌లో సెమినార్ ముగిశాక మాకు ఒక రోజు మిగిలింది. "ప్రకృతి, చరిత్ర, వైన్ - మూడూ ఒకే రోజున" అని రాసిన కరపత్రం చేతిలో పెట్టి, మమ్మల్ని వ్యాన్ ఎక్కించి ఫ్రాన్ష్‌హుక్ లోయకి తీసుకెళ్లారు. లోయ అందంగా లేదని అబద్ధం చెప్పను. నీలం కొండలు, వాటి కింద దువ్వినట్టున్న ద్రాక్ష వరసలు, మధ్యలో సున్నం వేసిన తెల్లటి డచ్ ఇళ్లు. ఫొటోలు నేనూ తీసుకున్నాను. వైన్ కూడా తాగాను. కాబట్టి నేను రాసేది ఒడ్డున నిలబడి రాసేది కాదు.

నా గొడవంతా ఒక క్రియాపదంతో మొదలైంది. "1688లో ఫ్రాన్స్ నుంచి మతహింస తప్పించుకుని వచ్చిన హ్యూగెనాట్లు ఇక్కడ ద్రాక్ష నాటారు" అన్నాడు గైడ్. నాటారు! ఎవరి చేతులతో? అప్పటికి ముప్ఫై ఏళ్లుగా డచ్ ఈస్టిండియా కంపెనీ కేప్‌కి బానిసల్ని ఓడల్లో దించుతోంది. మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ నుంచి, ఇండోనేషియా దీవుల నుంచి, మన దేశం నుంచి కూడా. రికార్డుల్లో వాళ్ల పేర్ల పక్కన ఊరి పేర్లుంటాయి: ఫాన్ బెంగాల్, ఫాన్ మలబార్, ఫాన్ కోరమాండల్. కోరమాండల్ అంటే మన తూర్పు తీరమే. అది తమిళ పల్లెనో తెలుగు పల్లెనో రాసిన గుమాస్తాకి అక్కర్లేదు. మాది బందరు. 1605లోనే డచ్చివాళ్లు వ్యాపారానికి దిగిన రేవు. వాళ్ల సమాధుల పక్కనుంచి బడికి నడిచిన దాన్ని నేను. ఆ వ్యాన్‌లో కూర్చుని ఆ క్రియాపదాన్ని ఎలా మింగను?

ఊరి చివర హ్యూగెనాట్ల స్మారకం దగ్గర ఆపారు. 1948లో ఆవిష్కరించారట. మూడు కమానుల ముందు ఒక స్త్రీ విగ్రహం. ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో తెగిన గొలుసు. మత స్వేచ్ఛకి ప్రతీక అని చెప్పారు. స్వేచ్ఛని చెక్కాల్సి వస్తే అందరికీ ఆడదాని ఒళ్లే కావాలి, అది వేరే సంగతి. కానీ 1834లో బానిసత్వం రద్దయి, ఆపైన 'శిక్షణ' పేరుతో 1838 దాకా యజమానుల దగ్గరే కట్టిపడేసిన మనుషులున్న లోయ ఇది. అక్కడ తెగిన గొలుసు వాళ్లది కాదు, వాళ్ల యజమానులదట!

రుచి చూపించే బల్ల దగ్గర వైన్ పోసినామె బ్యాడ్జీ మీద ఇంటిపేరు చూశాను. ఒక నెల పేరు. అక్కడ బానిసలకి యజమానులు నెలల పేర్లు తగిలించేవాళ్లు. పెళ్లితో ఇంటిపేరు పోగొట్టుకోవడం గురించి మనం బోలెడు రాశాం. ఆమె ముత్తవ్వలకి మిగిలింది క్యాలెండర్. ఆమె మాత్రం చెర్రీ వాసన, ఓక్ పీపా వాసన గురించే చెప్పింది. ఆమె ఉద్యోగం అది, నేను తప్పుపట్టను. తప్పు ఆమెకి అప్పజెప్పిన పాఠంలో ఉంది.

ఆ పాఠంలో లేని మాట 'డాప్'. కూలిలో కొంత భాగాన్ని వైన్‌గా ఇచ్చే పద్ధతి. నాసిరకం వైన్‌ని రోజులో చాలాసార్లు డబ్బాల్లో పోసేవాళ్లు. చట్టం కాదన్నా 1990ల దాకా కొన్ని తోటల్లో సాగింది. గర్భంలోనే మద్యం వల్ల దెబ్బతిన్న పిల్లలు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా నమోదైన ప్రాంతాల్లో ఈ ద్రాక్షసీమ ఒకటి. ఆ పిల్లల గురించి మాట వస్తే వేలు తల్లి వైపే తిరుగుతుంది. తరాల తరబడి కూలిని సారాగా మార్చినవాడి వైపు తిరగదు. నేను గైడ్‌ని అడిగాను. "అది పాత విషయం మేడమ్" అని, వెంటనే కొండ మీద మబ్బుని చూపించాడు. 1688 పాతది కాదు, 1990 పాతది!

పక్కనున్న తెలుగు సహోద్యోగి నా చెయ్యి గిల్లింది. "సెలవు రోజున కూడా ఇవన్నీ ఎందుకండీ? ఇది సారా కాదు, వైన్. కల్చర్." 1992లో దూబగుంట ఆడవాళ్ల మీద పేపర్ రాసిన మనిషి ఆవిడ. సారా ప్యాకెట్ అయితే సమస్య, పొడుగుకాడ గ్లాసు అయితే సంస్కృతి. తాగేవాళ్ల తరగతిని బట్టి తాగుడుకి పేరు మారుతుందన్నమాట.

2011లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఈ ప్రాంతపు తోటల మీద నివేదిక ఇచ్చింది. పురుగుమందుల మధ్య రక్షణ లేకుండా పని, పొలంలో మరుగుదొడ్డి లేదు, తాగే నీళ్లు లేవు. ఇల్లు తరచు మగవాడి ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. అతను పోతే ఆమెకి గూడూ పోతుంది. 2012లో డి డోర్న్స్‌లో తోట కూలీలు సమ్మెకి దిగారు. రోజుకి 69 రాండ్లున్న కనీస కూలి 2013 మార్చిలో 105కి పెరిగింది. ఇది చరిత్ర కాదా? టూర్‌లో చూపించదగ్గది కాదా? టూర్లు మానెయ్యమనడం లేదు నేను. మానేస్తే ముందు రోడ్డున పడేది ఆ నెల పేరు మనిషే. ద్రాక్ష రకం పేరు చెప్పే నోటితో, ఆ తీగెని కత్తిరించినామె కూలి ఎంతో కూడా చెప్పమంటున్నాను.

తిరిగొచ్చేటప్పుడు అభిప్రాయాల కాగితం ఇచ్చారు. 'ఇంకా ఏం చూడాలనుకున్నారు?' అన్నచోట 'పొలంలో ఆడవాళ్లకి మరుగుదొడ్డి' అని రాశాను. గైడ్ చదివి నొచ్చుకున్నాడు. "అక్కడ రెస్ట్‌రూమ్ బాగా లేదా మేడమ్?" అన్నాడు.